చెవులమ్మ చేసిన చెంప

చెవులమ్మకి ఎడమ చెవి వినపడదు. పేరేమో చెవులమ్మ, చెవికేమో చెవుడు, ఇదెక్కడి విడ్డూరం అని నవ్వుకుంటే నవ్వుకోండి, ఆమె ఏమీ అనుకోదు. ఆ పేరు పెట్టింది వాళ్ల బావ. ఆ చెవుడు తెప్పించింది వాళ్ల మాస్టారు. రెండూ ఆమె చేసే పనిలోంచే వచ్చాయి కాబట్టి రెండూ చెప్తాను.

మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. విగ్రహాలు చేసే శిల్పి. ఊళ్లో కూడళ్లలో, కాలేజీల ముందు, ఆస్పత్రి వరండాల్లో నిలబడ్డ పెద్దమనుషుల్లో సగం మంది ఆయన చేతిలో పుట్టినవాళ్లే. పాత గోదాము ఒకటి అద్దెకి తీసుకుని, పైకప్పుకి ఉత్తరం వైపు అద్దాలు బిగించుకుని అందులో పని చేస్తాడు. చెవులమ్మ పధ్నాలుగేళ్లుగా అక్కడ సహాయకురాలు. మట్టి తొక్కుతుంది, ఇనప చువ్వలు వంచి విగ్రహానికి లోపలి గూడు కడుతుంది, ప్లాస్టర్ కలుపుతుంది, అచ్చులు తీస్తుంది, నేల కడుగుతుంది. ఇన్నిటి మధ్య చెవులు చేస్తుంది. మాస్టారికి చెవి అంటే చిరాకు. ముఖం కుదరగానే "ఆ చెవులేవో నువ్వు చూసుకో" అని చేతులు కడుక్కుంటాడు. మొదట్లో చెవులే, తర్వాత వేళ్లు, ఆ తర్వాత శాలువా మడతలు. కింద రాతిపలక మీద పేరు మాత్రం ఆయన ఒక్కడిదే. "మా మరదలు చెవులు పెట్టకపోతే ఈ ఊళ్లో ఒక్క పెద్దమనిషికీ మన గోడు వినపడదు" అన్నాడు బావ ఒకసారి. ఆ రోజునుంచి ఇంటా బయటా ఆమె చెవులమ్మే.

ఇక చెవుడు. ఏడేళ్ల కిందటి మాట. ఒక జడ్జిగారి విగ్రహానికి దవడ ఎత్తుగా ఉందనిపించింది ఆమెకి. మాస్టారు భోజనానికి వెళ్లినప్పుడు బొటనవేలితో కాస్త లోపలికి నొక్కింది. ఆయన వచ్చి చూశాడు.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"నేనే మాస్టారూ. ఎత్తుగా ఉందని..."

మాట పూర్తి కాలేదు. ఆయన చెయ్యి మామూలు చెయ్యి కాదు, నలభై ఏళ్లు రాయీ ఇనుమూ మోసిన చెయ్యి. చెంపా చెవీ కలిపి పడింది. ఆమె వెళ్లి మట్టి తొట్టిలో పడింది. చెవిలోంచి రక్తం కారి మెడ దాకా వచ్చింది. కర్ణభేరి చిల్లు పడిందన్నాడు డాక్టరు. తలుపు తగిలిందని చెప్పింది ఈ మహాతల్లి. అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది ఏమిటంటే, ఆమె నొక్కిన దవడని మాస్టారు మళ్లీ పైకి లాగలేదు. నొక్కింది నొక్కినట్టే ఉంచాడు. కోర్టు ముందు ఆ జడ్జిగారు ఇప్పటికీ ఆ దవడతోనే నిలబడి ఉన్నాడు.

కోపం వస్తే ఆయనకి మనిషీ బొమ్మా తేడా లేదు. విసిరిన ఉలులు తలుపుకి ఎన్నిసార్లు గుచ్చుకున్నాయో ఆ తలుపునే అడగాలి. ఏడాదికి ఒకసారైనా తను చేసిన బొమ్మనే తను సమ్మెటతో బద్దలు కొడతాడు. మెడ విరిగేదాకా, కళ్లు పిండి అయ్యేదాకా కొట్టి, ఆ కుప్ప పక్కనే కూచుని టీ తాగుతాడు. ఊడ్చేది చెవులమ్మ.

మరి ఎందుకుంది అక్కడ? అక్క కూడా అదే అడిగేది, అన్నం వడ్డిస్తూ, గరిటె ఊపుతూ. "నీకు సిగ్గు లేదుటే? కొట్టించుకోవడానికా నిన్ను పెంచింది?" అక్కకి ఏం చెప్తుంది. ఆ మనిషి చూసినట్టు ఇంకెవరూ చూడలేరు, అదీ సంగతి. ఒకసారి ప్లాస్టర్ మూటలు మోసే కూలీ నిచ్చెన మీంచి జారి పడ్డాడు. ముంజెయ్యి విరిగి అడ్డంగా వంగిపోయింది. చెవులమ్మ పరిగెత్తబోతే మాస్టారు ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు. "ముందు చూడు. నొప్పి ముఖంలో ఎక్కడ మొదలైందో చూడు. తర్వాత పరిగెత్తు." రెండు క్షణాలు, అంతే. ఆ వెంటనే ఆయనే ఆ కూలీని భుజాన వేసుకుని ఆస్పత్రికి పట్టుకెళ్లాడు. ఆ రెండు క్షణాలు ఆమెకి అసహ్యం వేసింది. ఆ నొప్పి నుదుటి మీద కాదు, ముక్కుపుటాల పక్కన మొదలైందని మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు. ఇలాంటి చదువు డబ్బు కడితే దొరకదు. ఆమె దానికి చెవితో కట్టింది.

సొంత పని మాత్రం మానలేదు, అది ఆమె మొండితనం. పొద్దున్నే అయిదింటికల్లా గోదాము తాళం తీసి, వెనక నీళ్ల పీపాల పక్కన రేకుల చావడిలో కూచునేది. మాస్టారు వచ్చేది తొమ్మిదింటికి. ఆ నాలుగు గంటలూ ఆమెవి. మిగిలిన మట్టి వాడుకోమని ఆయనే అన్నాడు, ఏదో మంచి రోజున. ఎన్నో తలలు చేసింది, నచ్చక తీగతో మెడలు కోసి మళ్లీ తొట్టిలో వేసి తొక్కింది. చివరికి రెండేళ్ల కిందట ఒకటి మొదలుపెట్టింది. ఛాతీ దాకా ఒక ఆడమనిషి. చెంప మీద దెబ్బ పడిన క్షణం. కొట్టిన చెయ్యి ఉండదు. చెంప ఒక్కటే పక్కకి పోతూ ఉంటుంది, భుజం దాని వెంట తిరుగుతూ ఉంటుంది. పేరు "దెబ్బ".

దానికోసం ఇంట్లో అద్దం ముందు నిలబడి తనని తనే కొట్టుకునేది. ఒక చెంప కమిలిపోతే రెండోది. అక్క వచ్చి చెయ్యి పట్టుకుని మంచం మీద కూలేసింది. "పిచ్చి పట్టిందా నీకు?" పిచ్చి కాదు. తనని తను కొట్టుకుంటే చెయ్యి తెలియకుండానే మెత్తబడుతుంది, కన్ను ముందే మూసుకుంటుంది. నిజం దెబ్బ అలా ఉండదు. "బావా, నువ్వు ఒక్కటి గట్టిగా కొట్టు" అని అడిగింది. బావ వెల్డింగు పని చేసే మనిషి, చెయ్యి మోటుదే కానీ మనసు వెన్న. "నిన్ను కొట్టాక మీ అక్క నన్ను ముక్కలు చేస్తుంది, నన్ను అతికించడానికి వెల్డింగు ఎవడు పెడతాడు?" అని బండి తోలుకుని పారిపోయాడు. దాంతో బొమ్మలో ఎక్కడో ఒక చిన్న తప్పు ఉండిపోయింది. కంటి దగ్గర ఏదో ఉందని తెలుసు. ఏమిటో తెలియదు.

అయినా సరే ఫోటో తీయించి ఊళ్లో జరిగే పెద్ద ప్రదర్శనకి పంపింది. ఎంపికైతే శనివారం సాయంత్రంలోగా ప్లాస్టర్ బొమ్మ అప్పజెప్పాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. పధ్నాలుగేళ్లలో మొదటిసారి తన పేరుతో ఒక బొమ్మ. నలభై దాటిన మనిషికి ఇలాంటివి మళ్లీమళ్లీ రావు. దరఖాస్తులో పని చేసే చోటు చిరునామా అడిగితే, బుద్ధిగా గోదాముదే రాసింది. ఇంటిది రాసి ఉంటే ఈ కథ లేదు.

ఇప్పుడు అచ్చు గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఓపిక పట్టండి. మట్టి బొమ్మ మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తారు. లోపలి మట్టిని తవ్వి పారేస్తారు, అంటే అసలు బొమ్మ అక్కడికి సరి. ఖాళీ అచ్చులో మళ్లీ ప్లాస్టర్ పోస్తారు. అది గట్టిపడ్డాక పై అచ్చుని ఉలితో పగలగొట్టుకుంటూ వస్తే లోపలి బొమ్మ బయటపడుతుంది. తెల్లటి దాని మీద తెల్లటిది, ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది? అందుకని అచ్చుకి మొదటి పొర రంగు కలిపి పూస్తారు. ఉలికి రంగు తగిలిందంటే బొమ్మ దగ్గరపడింది, చెయ్యి నెమ్మది చెయ్యాలి. ఆ గోదాములో ఆనవాయితీ ఏమిటంటే, మాస్టారి బొమ్మలకి నీలిమందు కలిపిన నీలం పొర. చెవులమ్మ సొంత పనికి గచ్చుకి వేసే ఎర్రరంగు. అచ్చు అతుకు దగ్గర సన్నటి గీతలా ఆ రంగు బయటికి కనపడుతుంది. గోనె పీచూ ప్లాస్టరూ ముద్దగా ఉండే ఆ దిమ్మల్లో ఏది ఎవరిదో చెప్పేది ఆ గీత ఒక్కటే.

ఆదివారం చెవులమ్మ తన "దెబ్బ"కి అచ్చు తీసింది. ఎర్రరంగు డబ్బా పక్కనే ఉంది. కానీ ఆ రోజు ఎందుకో ఈ ఒక్క బొమ్మకి నీలం వేసుకోవాలనిపించింది. చిన్న గర్వం, ఇంకేం కాదు. డబ్బాలో ఉన్న ఆ చివరి గుప్పెడు నీలిమందూ వాడేసింది. మంగళవారం మాస్టారి బొమ్మకి అచ్చు తియ్యాల్సి వచ్చింది. నూలు మిల్లు యజమాని తన తండ్రిది చేయించుకుంటున్నాడు, ఛాతీ దాకా విగ్రహం, ఎనిమిది నెలల పని. దాని చెవులూ, మీసం వెంట్రుకలూ, శాలువా అంచూ ఆమె చేసినవే.

"నీలం అయిపోయింది మాస్టారూ. ఎరుపే ఉంది."

ఆయన ఫోనులో మిల్లాయనతో మాట్లాడుతున్నాడు. "ఏ రంగైతే ఏం కొంప మునిగింది? పుయ్యి" అని చెయ్యి ఊపాడు.

ఆమె పూసింది. బుధవారానికి రెండిట్లోనూ ప్లాస్టర్ పోసి, రెండు దిమ్మల్నీ గోడ వారన పక్కపక్కన ఆరబెట్టింది. ఒకే ఎత్తు, ఒకే లావు.

గురువారం పదకొండు గంటలకి ఉత్తరం వచ్చింది. గోదాముకి వచ్చే ఉత్తరాలన్నీ మాస్టారే చింపుతాడు. ఆమె బకెట్టు తోముతోంది. కాగితం చప్పుడు ఆగిపోయి చాలాసేపైందని కుడి చెవికి తెలిసి తల ఎత్తింది. ఆయన, "దెబ్బ" ఎంపికైందన్న ఆ ఉత్తరంతోపాటు వచ్చిన ఫోటోని కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు.

"ఇదేంటి?"

"నా బొమ్మ మాస్టారూ. ప్రదర్శనకి పంపాను."

"ఎవడి చెయ్యి ఇది?"

"బొమ్మలో చెయ్యి లేదు కదండీ."

"నాకు కనపడుతోంది."

ఆయన ముఖం నల్లబడింది. నన్నడిగితే ఆ కోపంలో సగం ఆ చెయ్యి తనదని తెలిసిపోయినందుకు, సగం ఆ చెంప అంత బాగా కుదిరినందుకు. తనకి తెలియకుండా తన కప్పు కింద ఇంత పని జరిగిందని ఆయనకి అప్పుడే తెలిసింది. "నా మట్టి. నా ప్లాస్టర్. నా ఉప్పు తింటూ నన్నే ఊరికి చూపిస్తావా?" అంటూ మూల ఉన్న సమ్మెట అందుకున్నాడు. గోడ దగ్గరికి వెళ్లి, వంగి, రెండు దిమ్మల అతుకులూ చూశాడు. ఎర్ర గీత ఉన్నదాని ముందు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

చెవులమ్మకి విషయం అర్థమైంది. అర్థమయ్యాక ఒక్క ఊపిరి పట్టినంత సేపు నోరు విప్పలేదు. దాచడం ఎందుకు, నేను చెప్తున్నాను, ఆమె కూడా తర్వాత అక్కతో చెప్పింది. ఆ ఒక్క ఊపిరిలో ఆమెకి హాయిగా ఉంది. కొట్టుకో, అనుకుంది. ఆ తర్వాత ఆ దిమ్మలో ఉన్న మీసం గుర్తొచ్చింది, ఆయన మూడు నెలలు కష్టపడి పట్టుకున్న ఆ ముసలాయన నవ్వు గుర్తొచ్చింది. మంచి నవ్వు అది.

"మాస్టారూ, ఆగండి. అది నాది కాదు, మీది. మిల్లాయన తండ్రి."

ఆయన వెనక్కి తిరక్కుండానే నవ్వాడు. "అబద్ధాలు కూడా నేర్చావన్నమాట."

"మంగళవారం నీలం అయిపోయిందని చెప్పాను. మీరే ఎరుపు పుయ్యమన్నారు. ఒట్టు."

"ఎరుపెప్పుడూ నీదేనే."

పరిగెత్తి సమ్మెట కర్ర పట్టుకుంది. ఆయన మోచేత్తో ఒక్కటి పొడిచాడు. పై పెదవి చిట్లి పళ్లన్నీ ఉప్పగా అయ్యాయి. మొదటి దెబ్బకి దిమ్మ నడుమ పగులు ఇచ్చింది. రెండో దెబ్బకి గోనె పీచు చీలి ఎర్ర పొర రేగింది. ఆయన ఊగిపోతూ కొట్టాడు, ప్రతి దెబ్బకీ ఆమెని ఒక బూతు తిట్టాడు. తెల్ల ముక్కలు కిటికీ దాకా ఎగిరాయి. ఒక ముక్క దొర్లుకుంటూ వచ్చి ఆమె కాలి దగ్గర ఆగింది. చెవి. ఆమె చేసిన చెవే, తమ్మె మీది చిన్న గాటు కూడా చెక్కుచెదరలేదు. అయిదో దెబ్బకి ముఖం ముక్క ఒకటి ఆయన కాళ్ల మీద పడింది. దాని మీద మీసం ఉంది.

సమ్మెట ఆగింది. ఆడమనిషి బొమ్మకి మీసం ఉండదని ఎంత కోపంలోనైనా తెలుస్తుంది కదా.

ఎనిమిది నెలలు నేల మీద పొడై పడి ఉన్నాయి. మట్టి బొమ్మ లేదు, అచ్చు లేదు, ఇంకో నకలు లేదు. ఆయన ఆ మీసం ముక్కని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, నేలకేసి కొట్టాడు. అప్పుడు రెండో దిమ్మ వైపు తిరిగాడు.

చెవులమ్మ అప్పటికే దాని ముందు నిలబడి ఉంది.

"జరుగు."

"జరగను."

"నీ తల మీద పడుతుంది."

"పడనీండి. శనివారం దీన్ని అప్పజెప్పాలి నేను."

ఆయన సమ్మెట ఎత్తాడు. బెదిరించడానికి కాదు, ఆ భుజం ఎలా లేస్తే ఏమవుతుందో పధ్నాలుగేళ్లుగా చూసిన మనిషి ఆమె. అది కిందికి దిగేలోపు ఆమె కుడి చెయ్యి లేచింది. మూటలు మోసి, మట్టి తొక్కి, సున్నంలో ఊరిన చెయ్యి. ఏడేళ్ల బలం అంతా అరచేతిలోకి వచ్చింది. మాస్టారి చెంప మీద పడిన ఆ చప్పుడు ఆమె ఎడమ చెవికి కూడా వినపడిందంటుంది. నేను నమ్మను, కానీ ఆమె అలాగే చెప్తుంది.

సమ్మెట జారి గచ్చు మీద పడి గచ్చు పెచ్చు లేచింది. ఆయన ముఖం పక్కకి పోయింది. ఆమె చూసింది. భయపడాల్సిన క్షణం, పారిపోవాల్సిన క్షణం, ఆమె చూస్తూ నిలబడింది. చెంప ముందు పోయింది, ముక్కు దాని వెనక పోయింది, పెదవులు ఆలస్యంగా బయల్దేరాయి. దెబ్బ తగిలిన వైపు కన్ను మూసుకోలేదు. పై రెప్ప అక్కడే ఉంది. కింది రెప్ప ఒక్కటే, కండ తోస్తే, పైకి లేచి సగం కన్నుని మింగేసింది. రెండేళ్లుగా ఆమె తన బొమ్మకి పై రెప్ప దించుతూ వచ్చింది. తప్పు అక్కడుంది.

గోదాములో కొంచెంసేపు పొడి కిందికి దిగడం తప్ప ఇంకేమీ కదల్లేదు. మాస్టారు చెంప మీద చెయ్యి వేసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏడుపు కాదు, దెబ్బకి వచ్చేవి. అప్పుడు ఆయన అడిగిన మాట ఇది:

"చూశావా?"

"చూశాను."

"ఏం చూశావు?"

"కింది రెప్ప."

"ఊఁ" అన్నాడు. ఇంకేదో అంటాడనుకుంది. "దాన్ని పట్టుకుని పో. మళ్లీ ఈ గుమ్మం తొక్కావంటే కాళ్లు విరగ్గొడతాను." అని పొడిలో చతికిలబడి, మిల్లాయన తండ్రి ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఊడ్చడానికి ఈసారి ఎవరూ లేరు.

బావ బండి తెచ్చాడు. చిట్లిన పెదవి చూసి లోపలికి వెళ్లబోయాడు, చేతిలో ఇనప రాడ్డు కూడా ఉంది. "వద్దు బావా. నేను కొట్టేశాను" అంది చెవులమ్మ. బావ రాడ్డు బండిలో పడేసి, "ఎంత గట్టిగా?" అని అడిగాడు. ఆమె తన అరచెయ్యి చూపించింది, ఇంకా ఎర్రగానే ఉంది. దారంతా ఆయన ఈల వేస్తూనే ఉన్నాడు. ఆమె మాత్రం వెనక దిమ్మని పట్టుకుని ఏడ్చింది. పధ్నాలుగేళ్ల చోటు పోయింది, ఆ ఉత్తరపు అద్దాల వెలుగు పోయింది, ముందు చూడు అనే మనిషి పోయాడు. వాడు పోతే పీడ పోయిందని అక్క అంది. ఆమెకి రెండూ నిజమే అనిపించాయి.

శుక్రవారం పొద్దున్నే ఇంటి వెనక పెరట్లో, బట్టలు ఉతికే బండ మీద దిమ్మని పెట్టి ఉలితో విప్పింది. కొట్టాలి, గట్టిగానే కొట్టాలి, నీలం కనపడేదాకా. నీలం కనపడ్డాక కోడిగుడ్డు పెంకు ఒలిచినట్టు. మధ్యాహ్నానికి బొమ్మ బయటికి వచ్చింది, ఒక్క గీత పడకుండా. ఆమె దాన్ని అరగంట చూసింది. చాకు తీసుకుని, తడి ప్లాస్టర్ కొద్దిగా కలుపుకుని, ఆ కన్ను మళ్లీ చేసింది. దిగిన పై రెప్పని చెక్కి పైకి జరిపింది, కింది రెప్పని పైకి లేపింది. అక్క కాఫీ ఇవ్వడానికి వచ్చి, బొమ్మని చూసి, గ్లాసు కింద పెట్టేసి తన చెంప తడుముకుంది.

శనివారం నాలుగింటికి ప్రదర్శన ఆఫీసులో బొమ్మ దించారు. గుమాస్తా చీటీ రాసుకుంటున్నాడు. బొమ్మ పేరు, చేసినవారి పేరు. రాశాక తల ఎత్తకుండానే అడిగాడు. "సహాయకులెవరైనా ఉన్నారామ్మా? ఉంటే కింద వెయ్యాలి, అది రూలు."

రూలుంది మరి. పధ్నాలుగేళ్లలో ఎన్ని చీటీల మీద ఆ గడి ఖాళీగా వెళ్లిందో ఆమెకి ఒక్కసారి లెక్కకి వచ్చింది. ఆ గడి మీద వేలు పెట్టింది. మాస్టారి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, అక్షరం అక్షరం చెప్పింది.

గుమాస్తా కలం ఆగిపోయింది. "ఆయనా? ఆయన మీకు సహాయకుడా? ఏం సహాయం చేశారు?"

"ఆ కింది రెప్ప ఆయనదండీ" అంది చెవులమ్మ. "రాయండి."